అక్క గది నీడ

మదనపల్లెలో మేము ఇల్లు కట్టుకుంటున్న రోజుల్లో నా ఫోను మాటలు విని ఆఫీసులో జనం నన్నో రకంగా చూసేవాళ్లు. "అక్కకు తలుపు ఎప్పుడు పెడ్తావప్పా?" అని అరిచేవాణ్ని. "అక్కకు అంత సిమెంటు యాల పట్టింది?" అని మేస్త్రితో గొడవపడేవాణ్ని. "అక్క నెత్తిన నీళ్ల ట్యాంకు పెడితే తట్టుకుంటాదా?" అని అడిగిన రోజున పక్క సీటాయన చేతిలో ఫైలు మూసేసి, కుర్చీ నా వైపు తిప్పుకుని మరీ కూర్చున్నాడు.

దీనికంతా మూలం మా మేస్త్రి. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు మాట్లాడే మనిషి. ఏ భాషలోనైనా మాటల దగ్గర పరమ పిసినారి. మా ఇంటికి కింద హాలు, వంటిల్లు, రెండు గదులు, మిద్దె మీద ఒకే ఒక్క గది. ఆ పైగది మా అక్క కోసం. మేము దాన్ని 'అక్క గది' అంటే, ఆయన అందులోనూ సగం మిగుల్చుకుని 'అక్క' అన్నాడు. "రేపు అక్కకు పూత సార్" అనేవాడు. కూలీలు, ప్లాన్ గీసిన ఇంజినీరు, చివరికి నేనూ నా భార్యా కూడా అదే పట్టుకున్నాం. మా అక్క పని చూడడానికి వచ్చినప్పుడు మాత్రం మేస్త్రి 'పైగది' అనేవాడు. ఎదుట నిలబడిన మనిషిని ఇటుకల్లోనూ ఇసుకలోనూ కలిపి మాట్లాడడం ఆయనకు మర్యాదగా తోచలేదు. ఆ మర్యాదే మా కొంప ముంచుతుందని మాకెవరికీ తెలియదు.

మా ఊరు నిమ్మనపల్లె దగ్గర ఒక పల్లె. అమ్మా నాన్నా కూలికి పోతే నన్ను చంకన వేసుకుని తిప్పింది అక్కే. ఆమెను కుప్పంలో ఇచ్చారు. బావ రాళ్లకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. పెళ్లయిన కొన్నేళ్లకే ఊపిరితిత్తులు చెడి పోయాడు. పిల్లలు లేరు. మా ఊరికి వచ్చేయమంటే రాలేదు. అక్కడే ఒక రేకుల గది బాడుగకు తీసుకుని అగరబత్తీలు చుట్టింది. నా హాస్టలు, పుస్తకాలు, ఉద్యోగం పరీక్షలకు బస్సు ఛార్జీలు, అన్నీ ఆ నల్లటి వేళ్లలోంచి వచ్చినవే. అమ్మా నాన్నా పోయి, నేను మదనపల్లెలో కుదురుకున్నాక నాకు మిగిలిన కోరిక ఒక్కటే, అక్కను ఆ రేకుల కింద నుంచి తెచ్చుకోవాలి. మేము స్థలం కొన్న రోజు ఆమె అంది, "మనకంటూ ఇంత నీడ ఉంటే సాలప్పా." ఆమె నోట్లో నీడంటే ఇల్లు.

ఆమెకు ఇంకో నీడ కూడా తెలుసు. బావ పోయిన తర్వాత మా బంధువుల పెళ్లిలో పసుపు దంచుతుంటే చూడడానికి పోయి నిలబడింది. రోటి దగ్గర కూర్చున్న ఒక పెద్దామె తలెత్తకుండానే, "కొంచిం అట్ల జరుగుమ్మా, నీ నీడ పడతాంది" అంది. తిట్టలేదు, కసరలేదు. బియ్యంలో రాయి ఏరి పక్కన పెట్టినట్టు చెప్పింది. అక్క జరిగింది. నేను అప్పుడు కాలేజీలో చదువుతున్నాను, ఒళ్లంతా కోపమే. రోలు దగ్గర నానా రభస చేశాను. పెళ్లివాళ్లు నన్ను రెక్క పట్టుకుని తీసుకుపోయి పందిరి బయట కూర్చోబెట్టారు. అక్క వచ్చి పక్కన కూర్చుంది.

"యాలప్పా అంత కోపం, పోనీలే. నువ్వన్నా ఉండావు నాకు" అంది.

అప్పటి నుంచి ఏ శుభకార్యానికి పోయినా ఆమె ముందు ఎండ ఎటు ఉందో చూసుకుని, తర్వాత నిలబడేది. అది చూస్తే నాకు ఒళ్లు మండేది. మా ఇంట్లో మాత్రం పాలు పొంగించేది అక్కేనని, ఎవరేమనుకున్నా సరేనని ముందే తేల్చుకున్నాను. ఆమెతో అన్నాను కూడా. నవ్వి ఊరుకుంది గానీ, ఆ నెలలోనే నన్నొక కొత్త చీర కొనిపెట్టమని అడిగింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె నన్ను అడిగింది అదొక్కటే.

ఇక సోలార్ సంగతి. అది నా భార్య పట్టుదల. ఎండాకాలం మేము బాడుగకున్న ఇంట్లో కరెంటు బిల్లు చూసి ఆమెకు విసుగొచ్చేసింది. కొత్త ఇంటి మీద పలకలు పెట్టేసుకుంటే, మనం వాడగా మిగిలిన కరెంటు లైనులోకి పోయి బిల్లులో తగ్గుతుందని బడిలో తోటి టీచర్లు చెప్పారు. బ్యాంకు అప్పు ఇస్తుంది, ప్రభుత్వం కొంత భరిస్తుంది. అంతా బాగానే ఉంది. ఆ తర్వాత షరతులు మొదలయ్యాయి. మీటరు నా పేరు మీదే ఉండాలి. మున్సిపాలిటీ ఒప్పుకున్న ప్లానుకూ కట్టిన ఇంటికీ తేడా రాకూడదు. పిట్టగోడ వెంట మనిషి తిరిగేంత దారి వదలాలి. పలకలు దక్షిణం చూడాలి. అన్నింటికంటే ముఖ్యం, పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాటి మీద నీడ పడకూడదు.

సరిగ్గా అక్కడే నాకు పిల్లనిచ్చిన మామ అడ్డం పడ్డాడు. పుంగనూరులో ఆయన ఇల్లు, అక్కడ చుట్టుపక్కల నాలుగు వీధుల్లో ఎవరు గోడ లేపినా ఆయన సలహా ఉండాల్సిందే. వాస్తు ప్రకారం నైరుతి ఎత్తుగా, బరువుగా ఉండాలన్నాడు. దాంతో ప్లానులో పైగదిని తీసుకుపోయి నైరుతి మూలన పెట్టాం. సోలార్ కంపెనీ ఆయన కొలతలకు వచ్చేసరికి ఆ గది గోడలు మోకాలెత్తు లేచి ఉన్నాయి. ఆయన మిద్దె మీద అటూ ఇటూ తిరిగి, ఫోనులో ఏదో లెక్క చూసుకుని, తల అడ్డంగా ఊపాడు.

"ఈ గది ఈడ లేస్తే మధ్యాన్నం నించి సగం పలకల మీద నీడే సార్. ఇట్లనే ఫైలు పంపితే వాపసు వస్తాది."

గదిని జరపాలంటే లేపిన గోడ పడగొట్టాలి. ప్లాను మళ్లీ గీయించి, మున్సిపాలిటీలో మళ్లీ ఫీజు కట్టి, మళ్లీ సంతకం కోసం తిరగాలి. మా దగ్గర ఉన్నదేమో అప్పటికే అంగుళం అంగుళం కొలిచి పెట్టుకున్న డబ్బు. ఒకటి కావాలంటే ఇంకొకటి వదులుకోవాలి. పలకలు మానేయాలా, గది మానేయాలా, లేకపోతే కింద పరిచే బండలూ ప్రహరీ గోడా మానేయాలా అని ఆ రాత్రి అన్నం దగ్గర నేనే అడిగాను. నా భార్య తల కూడా ఎత్తలేదు.

"బండలు యెనక యేసుకుందాం. వదిన గది మాత్రం ఉండాల్సిందే" అంది. ఈ కథంతటిలో ఆమెను ఒక్క మాట అనడానికి లేదు. అందుకే ఇది ఇక్కడ రాస్తున్నాను.

మర్నాడు ఆదివారం. అక్క కుప్పం నుంచి పొద్దున బస్సుకు వచ్చింది. స్లాబు పడ్డాక ఆమె రావడం అదే మొదలు. వచ్చీ రాగానే కొంగు బిగించి, పైపు పట్టుకుని కింది గోడలకు నీళ్లు పట్టడం మొదలుపెట్టింది. కూలీలను కూర్చోమని, "మీకంటే బాగా తడుపుతా సూడండి" అని నవ్వుతోంది. నేను మిద్దె మీద ఉన్నాను. అంతలో ఇంజినీరు ఫోన్ చేశాడు. గదిని వాయవ్యానికి జరిపితే పలకలకు అడ్డం రాదు గానీ, మీ మామగారు ఒప్పుకుంటారా అని ఆయన భయం. కింద మిక్సరు తిరుగుతోంది. నేను పిట్టగోడ దగ్గరికి పోయి, మెట్లకు వీపు పెట్టి, గొంతు చించుకుని మాట్లాడాను.

"అక్క నీడ దాని మీద పడితే ఇంత ఖర్చు దేనికి పనికొస్తాది సార్? అక్క ఆడుంటే కుదర్దు. అక్కను ఆడ నించి తీసేయాల్సిందే. ఎవురేమనుకున్నా నేను సెప్పుకుంటాలే."

మాట్లాడడం అయ్యాక వెనక్కి తిరిగితే పై మెట్టు మీద రెండు కాఫీ గ్లాసులున్నాయి. మేస్త్రికొకటి, నాకొకటి. తెచ్చిన మనిషి లేదు. చేతిలో పనుండి అక్క పెట్టిపోయిందనుకున్నాను. కాఫీ వేడిగానే ఉంది, తాగాను. బాగుందని కిందికి కేకేశాను కూడా.

మధ్యాహ్నం భోజనం కాకముందే అక్క బయలుదేరింది. అగరబత్తి ఓనరు ఫోన్ చేసి రమ్మన్నాడని చెప్పింది. రెండు రోజులుంటానని వచ్చింది కదా అంటే, "ఆమాప్పా, అనుకున్న్యా గానీ కుదర్లే" అంది. కుప్పంలో ఉండి ఉండి ఆమెకు అవును అనడానికి అరవంలోలా ఆమా అనడం అలవాటు. బస్టాండుకు తీసుకుపోతానంటే వద్దంది. నాకు గోడ పడగొట్టించే తొందర. సరేనన్నాను.

ఆ తర్వాత కొన్ని నెలలు ఒకటే పరుగు. కొత్త ప్లాను, కొత్త ఫీజు, కొత్త సంతకాలు. పుంగనూరు పోయి మామను కూర్చోబెట్టి బతిమాలాం. వాయవ్యంలో గది ఎత్తయితే నైరుతి చిన్నబోతుందని ఆయన బాధ. చివరికి సోలార్ పలకలకు ఎట్లాగూ పెట్టాల్సిన పిడుగు కడ్డీని నైరుతి మూలన, గది కంటే ఎత్తుగా నిలబెడతామంటే శాంతించాడు. "ఊరికే కడ్డీనా, లేక మంచి బరువుండే కడ్డీనా?" అని మాత్రం రెండుసార్లు అడిగాడు. ఆ రోజు ఇంటికొచ్చి నేనూ నా భార్యా పడీపడీ నవ్వుకున్నాం. ఈ సంగతి అక్కకు చెబితే ఎంత నవ్వుతుందో అనుకున్నాను. ఫోన్ చేస్తే పనిలో ఉన్నానంది. మళ్లీ చేస్తే జ్వరమంది. రమ్మంటే "సూస్తాం" అంది. పాలు పొంగించేదానికి ముందురోజే రావాలక్కా అంటే, "అదంతా నీ పెండ్లాం సేస్తాదిలేప్పా, ఇంటి ఇల్లాలు కదా" అంది. సిగ్గుపడుతోందనుకున్నాను. నాకు అన్నీ అట్లాగే తోచాయి.

గది లేచింది. ఉత్తరం వైపు పెద్ద కిటికీ పెట్టించాను, హార్సిలీ కొండ కనబడేటట్టు. మెట్లెక్కి దిగలేకపోతుందని గదికి ఆనుకునే బాత్రూము కట్టించాం. పలకలు బిగించారు. కరెంటు ఆఫీసు నుంచి వచ్చి చూసి, ప్లానుతో సరిచూసి, కొత్త మీటరు పెట్టి పోయారు. కింద మాత్రం బండల్లేని సిమెంటు నేల, చుట్టూ ప్రహరీ లేక కుక్కలు. అయినా నేను గుమ్మంలో నిలబడి జమీందారులాగా చూసుకునేవాణ్ని.

గృహప్రవేశానికి పిలవడానికి ముందుగా పుంగనూరు పోయాం. అక్కడ మామ ఇంట్లో కాఫీ తాగుతూ నేను అక్క మాటెత్తాను. ఆమెకు ఏమైందో అర్థం కావడం లేదు, ఏ మాటకూ చిక్కడం లేదు అన్నాను. నా భార్య ఏదో గుర్తొచ్చినట్టు గ్లాసు కింద పెట్టింది.

"వదిన నాకు ఒకతూరి ఫోన్ చేసిందండీ, చానా దినాలయింది. 'ఆ నీడ సంగతి ఏమయిందమ్మా, మీకేం ఇబ్బంది లేదు కదా' అని అడిగింది. 'ఇంగేం ఇబ్బంది లేదు వదినా, ఆడ నించి తీసేసినాం కదా, ఇప్పుడు నీడా లేదు ఏమీ లేదు' అంటి. మంచిదమ్మా అని పెట్టేసింది."

నేను తేలిగ్గా, "గది నీడ సంగతి ఆమెకెవరు సెప్పినారు? నేను సెప్పలేదే" అన్నాను.

"నేనూ సెప్పలేదు" అంది.

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మెట్టు మీద రెండు గ్లాసులు. నేను ఆ రోజు ఫోనులో అన్న మాటలు ఒక్కొక్కటే నాకు నేనే వినిపించాయి. అక్క నీడ. అక్క ఆడుంటే కుదర్దు. అక్కను తీసేయాల్సిందే. మా భాషలో అది గోడల మాట. ఆమెకు మా భాష ఎవరూ నేర్పలేదు. మామ ఏమైందయ్యా అని అడుగుతూనే ఉన్నాడు. నేను కాఫీ వదిలేసి బస్టాండుకు నడిచాను.

పలమనేరు మీదుగా కుప్పం చేరేసరికి సాయంత్రమైంది. అక్క రేకుల గది ముందు కూర్చుని, ఎండిన అగరబత్తీలు కట్టలు కడుతోంది. నన్ను చూసి లేచి, చేతులు కొంగుకు తుడుచుకుని, "ఏమప్పా, సెప్పకుండా వస్తివి, అంతా బాగుండారా?" అంది. నేను కూర్చోకుండానే మొదలుపెట్టాను. మేస్త్రి, ఆయన పిసినారి మాటలు, 'అక్కకు పూత', 'అక్కకు కిటికీ', ఆఫీసులో పక్క సీటాయన, సోలార్ ఆయన లెక్క, మామ కడ్డీ, అన్నీ చెప్పాను. ఎక్కడ ఏది ముందో ఏది వెనకో నాకే తెలియలేదు. ఆమె వింటూ వింటూ, 'అక్క నెత్తిన ట్యాంకు' దగ్గరికి వచ్చేసరికి ఆపుకోలేక నవ్వింది. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. "నా నెత్తిన ట్యాంకు పెడితిరా" అని పక్కింటామెను పిలిచి ఆమెకు కూడా చెప్పింది.

నాకు ప్రాణం లేచొచ్చింది. గండం గడిచిందనుకున్నాను. "అయితే పద, సర్దుకో. పొద్దున్నే పోదాం" అన్నాను.

ఆమె నవ్వు మెల్లగా తగ్గించుకుని, మళ్లీ కట్టలు కట్టడానికి కూర్చుంది. పక్కింటామె లోపలికి పోయింది.

"నేను రానులేప్పా. ఈడ్నే ఉంటా" అంది.

"ఇంకా నమ్మలేదా అక్కా? కావాలంటే మేస్త్రికి ఫోన్ కలపనా?"

"నమ్మినా. నువ్వు గది గురించే అన్న్యావు. తెలిసింది."

"మరి ఆ దినమే ఒక్క మాట నన్ను అడిగుంటే సరిపోయేది కదా!" నాకు కోపమే వచ్చింది. కోపంలోనే ఏడుపు కూడా వచ్చింది.

"అడగాలని తోస్తే కదప్పా అడిగేది" అంది. చేతిలో కట్టకు దారం చుడుతూ, నన్ను చూడకుండా చెప్పింది. "ఆ పెండ్లిలో ఆమె అంటే నువ్వు గొడవపడితివి. ఆ మాటే నువ్వంటే, సరే, వీడూ అన్న్యాడు అనుకుంటి. అంతే. ఏడుపు గూడా రాలేదు. నా తమ్ముడు అట్లంటాడా, ఇంగేందో అయ్యుంటాదిలే అని ఒక్కతూరన్నా నాకు తోచలేదు సూడు. సంకనేసుకుని పెంచినోన్ని, అంత సులువుగా వాళ్లల్లో కలిపేస్తి. ఇంగ నీ ఇంట్లో, నువ్వు పెట్టింది తింటా, నీ మొగం సూస్తా ఎట్ల ఉండేదప్పా?"

ఆమె నా మీద కోపంతో ఉండి ఉంటే కాళ్లు పట్టుకునేవాణ్ని. అపార్థాన్ని విడమర్చి చెప్పాను, అది తీరిపోయింది కూడా. కానీ ఆమె తన మీద తాను తెచ్చుకున్న సిగ్గు అట్లా తీరేది కాదు. ఆమెది తప్పు కాదని అనేకసార్లు అన్నాను. ఇన్నేళ్లు అందరూ కలిసి ఆమెకు అదే నేర్పితే ఆమె మాత్రం ఏం చేస్తుందన్నాను. "ఆమాప్పా, ఆమా" అంటూ నాకు అన్నం పెట్టింది. తిని ఆ రేకుల కిందే పడుకున్నాను.

పొద్దున బస్సెక్కించడానికి వచ్చింది. గృహప్రవేశానికి తప్పకుండా వస్తానంది. సాయంత్రం బస్సుకు తిరిగొచ్చేస్తానని కూడా అప్పుడే చెప్పింది.